భుజానికి సరిపడే తుపాకీ

ఆగస్టు 12

తుపాకీ కొనుక్కోవాలని తేల్చుకున్నాను. నాదంటూ ఒకటి, మొదటిది. పెళ్ళయి ఇరవై రెండేళ్ళయింది. ఈ ఇంట్లో ఉన్న తుపాకులన్నీ మా ఆయన గ్లెన్‌వి, లేకపోతే వాళ్ళ అన్నయ్య వెస్ బావగారివి. నేను ఏది పట్టుకున్నా అరువు సరుకే.

కాగితం మీద గురి కాల్చుకోవడానికే. వేటకి కాదు. మోకాలు బాగాలేదని, ఈ ఏడు అడవికి రానని గ్లెన్‌కి జూన్‌లోనే చెప్పేశాను.

ఆగస్టు 13

మోకాలు నిజంగానే నొప్పిగా ఉంది. నేలమాళిగ మెట్లు దిగుతుంటే తెలుస్తోంది.

ఆగస్టు 18

ఆదివారం కదా, వెస్ బావగారింట్లో భోజనం. తుపాకీ సంగతి గ్లెన్ ముందే ఊదేసినట్టున్నాడు. కుర్చీలో కూర్చోకముందే మొదలుపెట్టాడాయన.

"ఏం మరదలా, తుపాకీ బేరం చేస్తున్నావట. నా పెద్ద తుపాకీ మాగ్నమ్‌కి ఏం రోగమొచ్చింది? రెండేళ్ళు వాడావుగా."

"రోగమేం లేదు బావగారూ. నాదంటూ ఒకటి ఉండాలని."

"కొంటే పెద్దదే కొను. చిన్నవి కొని, చాలక మళ్ళీ పెద్దవి కొనుక్కున్నవాళ్ళని ఎంతమందిని చూశానో. మూడొందల మాగ్నమ్ ఉందంటే అలాస్కాలో గుర్రమంత దుప్పయినా ఒకటే, మన జింకయినా ఒకటే."

"మనమెప్పుడు వెళ్ళాం అలాస్కాకి?" అన్నాడు గ్లెన్ బంగాళాదుంపలు వడ్డించుకుంటూ.

"ఎప్పుడో వెళ్తాం. తుపాకీ రెడీగా ఉంటుంది." తరువాత నా వైపు తిరిగాడు. "ఈసారి మాత్రం గట్టిగా పట్టుకో. గుడిసె గోడ మీద నీ నీలం గళ్ళ ముక్క ఒంటరిగా ఉంది, పాపం. దానికి జత కట్టాల్సొస్తుంది."

అందరూ నవ్వారు. జింక మీద కాల్చి గురి తప్పినవాళ్ళ చొక్కా వెనక అంచు కత్తిరించి, తేదీ రాసి అడవిలోని మా వేట గుడిసె గోడకి మేకు కొట్టడం వాళ్ళ నాన్న కాలం నుంచీ ఉన్న రివాజు. పోయిన నవంబరులో నా చొక్కా కత్తిరిస్తున్నప్పుడు అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. ఇవాళ కూడా నవ్వాను.

ఆగస్టు 21

తప్పింది. గురి తప్పింది, అంతే. అందరికీ తప్పుతుంది.

ఆగస్టు 24

రౌతియో మాస్టారి కొట్టుకి వెళ్ళాను. హైస్కూల్లో మాకు వడ్రంగం పని నేర్పినాయన. రిటైరయ్యాక ఇంటి పక్క షెడ్డులో తుపాకులు అమ్ముతూ, బాగుచేస్తూ ఉంటారు. డెబ్బై ఎనిమిదేళ్ళు. చెవిలో మిషను.

"దేనికమ్మాయ్?" అన్నారు.

"కాగితానికి."

"కాగితం ఎక్కడికీ పారిపోదు. ఆ చిన్న తుపాకీ, పాయింట్ టూటూ, పట్టుకుపో. తూటా చవక, చప్పుడు తక్కువ."

"అంటే... వేటకీ పనికొస్తే మంచిదే. ఎప్పుడైనా గ్లెన్‌కి అవసరపడితే."

కళ్ళద్దాల పైనుంచి చూశారు. స్కూల్లో నేను చెక్క అడ్డంగా కోసి, మొదట్నుంచీ అలాగే ఉందని చెప్పినప్పుడు చూసిన చూపు అదే.

"రెండు పనులకీ ఒకటే కావాలన్నమాట. కావాలంటే దొరుకుతుంది. కానీ గోడ మీద ఉన్నవి చూసి ఎంచుకునే వస్తువు కాదిది. ముందు నువ్వెలా కాలుస్తావో చూడాలి. ఇన్నాళ్ళూ ఏది వాడావో అది పట్టుకుని పై ఆదివారం క్లబ్బు మైదానానికి రా."

"అది తేవాలా?"

"అదే తేవాలి."

ఆగస్టు 30

వెస్ బావగారి దగ్గర మాగ్నమ్ అడిగి తెచ్చాను. సంచిలోంచి తియ్యలేదు. రెండు రోజులుగా హాల్లో అలమార పక్కన నిలబడి ఉంది. అటు వెళ్ళే పని పడితే వంటింట్లోంచి చుట్టూ తిరిగి వెళ్తున్నాను.

సెప్టెంబరు 1

మైదానంలో మేమిద్దరమే. బల్ల మీద ఇసుక సంచి పెట్టి దాని మీద తుపాకీ ఆనించారు మాస్టారు. "తూటాలు నేను పెడతాను. నువ్వటు తిరుగు" అన్నారు.

మొదటిది పేలింది. భుజంలో ఎముక కదిలినట్టయింది. కాగితం అంచున ఎక్కడో చిల్లు. రెండోదీ పేలింది. అది కాగితానికే తగల్లేదు. మూడోసారి ట్రిగ్గర్ నొక్కాను. టక్‌మంది, అంతే. మందు లేని ఉత్త తూటా పెట్టారు. పేలకపోయినా గొట్టం బెత్తెడు కిందికి దిగిపోయి నేల చూసింది. నా భుజం ముందుకి దూసుకుపోయి ఉంది. కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాను.

"ఎవరు తన్నారు?" అన్నారు మాస్టారు మెల్లగా.

"ఎవరూ తన్నలేదు."

"మరి కళ్ళెందుకు మూసుకున్నావ్?"

ఆయన ఇంకో అయిదుసార్లు చేయించారు. ఏది నిజం తూటాయో ఏది ఉత్తదో నాకు తెలీదు. ప్రతిసారీ గొట్టం కిందికే దిగింది.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"మొదట్నుంచీ అనుకుంటా. కొంచెం నొప్పి పుట్టేది, అలవాటైపోయింది మాస్టారూ."

"అలవాటైంది నీకు కాదు. నీ ఒంటికి అలవాటైంది, ముందే ముడుచుకోవడం. దెబ్బ పడుతుందని దానికి తెలుసు." తుపాకీ భుజం చెక్క మీద టేపు పెట్టి కొలిచారు. "ఇది ఆరడుగుల మనిషికి చేసింది. నీ చేతికి అంగుళమున్నర పొడుగు. ఇన్నాళ్ళూ మీ బావ చొక్కా తొడుక్కుని పరిగెత్తావు."

తిరిగొచ్చేటప్పుడు ఒకటే అడిగారు. "ఇలా కాలిస్తే గుండు ఎక్కడ తగులుతుందో తెలుసా?"

"కిందా, వెనకా" అన్నాను.

ఆయన తల ఊపి తుపాకీ సంచి నా కారులో పెట్టారు.

సెప్టెంబరు 2

పొట్టకి. కిందా వెనకా అంటే పొట్టకి.

సెప్టెంబరు 4

బడులు తెరిచారు. ఉదయం అయిదింటికే నా బడి బస్సు తీశాను. ముప్పై నలుగురు పిల్లలు. కొత్తగా ఎక్కిన ఒకటో తరగతి పాప డ్రైవరు వెనక సీటు తప్ప ఎక్కడా కూర్చోనంది. రోజంతా సరదాగా గడిచింది. తుపాకీ గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఇదిగో, ఇప్పుడే.

సెప్టెంబరు 14

పోయిన ఆదివారం మాస్టారు తన పాయింట్ టూటూ ఇచ్చారు. వారం రోజులు అదే కాల్చమన్నారు. బస్సు పని అయ్యాక రోజూ సాయంత్రం నాలుగింటికి వెళ్తున్నాను. అది తన్నదు, దగ్గుతుంది. మొదటి మూడు రోజులు దానికి కూడా కళ్ళు మూసుకున్నాను. సిగ్గేసింది. అయిదో రోజున మాస్టారు అరువిచ్చిన ఉత్త తూటా టక్‌మన్నప్పుడు గొట్టం కదల్లేదు. నేనే నమ్మలేక మళ్ళీ చేశాను. కదల్లేదు.

ఇంటికొస్తూ కారులో పాడుకున్నాను. గట్టిగా పాడి చాలా రోజులైంది.

సెప్టెంబరు 15

ఇవాళ మాస్టారు మూడు తుపాకులు తెచ్చారు. మూడింటికీ ఒకే పద్ధతి, బోల్టు వెనక్కి లాగి ముందుకి తోసేవి. తేడా అంతా తూటాలోనే, బరువులోనే.

మొదటిది టూ ఫార్టీ త్రీ. ముద్దొచ్చింది. అదే తీసుకుంటానన్నాను.

"తొందరపడకు. జింకకి చాలు. కానీ గుండు చిన్నది. గుండు చిన్నదైనకొద్దీ గురి కచ్చితంగా ఉండాలి. అనుభవం ఉన్నవాళ్ళ చేతిలో మంచి తుపాకీ. మొదటి తుపాకీగా నేనివ్వను. ఎలుగుబంటికి వెళ్దామని ఎప్పుడైనా అనిపిస్తే చాలదు."

రెండోది త్రీ నాట్ ఎయిట్. ఏ ఊళ్ళో, ఏ పెట్రోలు బంకు పక్క కొట్లో అడిగినా తూటాలు దొరుకుతాయట. సగం దేశం అదే వాడుతుంది. బాగానే కాల్చాను గానీ పదో తూటాకి భుజం మాట్లాడటం మొదలుపెట్టింది. పన్నెండోది పక్కకి పోయింది.

"నేను చెప్పక్కర్లేదు, కాగితమే చెప్తోంది" అన్నారు మాస్టారు.

మూడోది ఆరున్నర మిల్లీమీటర్లది. తన్నింది. కానీ భుజం మీద చెయ్యి వేసి నెట్టినట్టుంది, కొట్టినట్టు లేదు. ఇరవై కాల్చాను. ఇరవయ్యోది కూడా నల్ల చుక్కలోనే పడింది.

"దీని గుండు సన్నగా, పొడుగ్గా ఉంటుంది. దూరం వెళ్ళినా వేగం త్వరగా పడిపోదు. రెండు వందల గజాల కాగితానికీ బాగుంటుంది, మన దేవదారు చిత్తడిలో అరవై గజాల్లో నిలబడ్డ జింకకీ సరిపోతుంది. తూటాలు ఇప్పుడు ప్రతి కొట్లోనూ ఉన్నాయి." ఇంకో తుపాకీ తీసి నా చేతిలో పెట్టారు. అదే తూటా, ఈకలా తేలిక. "అడవిలో మోయడానికి ఇది బాగుంటుందని అందరూ దీని మీదే పడతారు. కాల్చి చూడు."

కాల్చాను. తేలికగా ఉన్నందుకే గట్టిగా తన్నింది.

"మోసేటప్పటి సుఖం కాల్చేటప్పుడు ఉండదు. మరీ బరువైతే బల్ల మీద బంగారం, అడవిలో శిక్ష. నీక్కావలసింది రెంటికీ మధ్యది."

"మాస్టారూ, మా బావగారు మాగ్నమే ఉండాలంటారు."

"మీ బావ ఏడాదికి ఎన్ని తూటాలు కాలుస్తాడు?"

"నాలుగో అయిదో."

"అదీ సంగతి."

సెప్టెంబరు 21

కొన్నాను. మధ్య బరువుది, ఆరున్నర. ఫారం నింపాను, మాస్టారు ప్రభుత్వ ఆఫీసుకి ఫోన్ చేసి అనుమతి తీసుకున్నారు. భుజం చెక్క నా కొలతకి కోసి, చివర రబ్బరు దిండు బిగించారు. స్కోపు కూడా మామూలుదే. మూడు నుంచి తొమ్మిది రెట్లు పెద్దగా చూపిస్తుంది, అంతకంటే అక్కర్లేదన్నారు.

నా కోసం కోసిన చెక్క. చెంప ఆనించగానే స్కోపు సరిగ్గా కంటి ముందుంది. మెడ చాచక్కర్లేదు. తుపాకీ ఇలా ఉంటుందని నాకు తెలీదు.

సాయంత్రం వెస్ బావగారు మాగ్నమ్ తీసుకెళ్ళడానికొచ్చి నాది చేత్తో పట్టి చూశాడు.

"ఆరున్నర. ఫ్యాషనుదే కొన్నావు. దీంతో జింకకి కితకితలు పెడతావా?"

"స్వీడన్‌లో వందేళ్ళుగా ఇదే మందం గుండుతో దుప్పుల్ని కొడుతున్నారట, మాస్టారు చెప్పారు."

"స్వీడన్ వాళ్ళ మాట ఎత్తకు. ఫిన్లాండ్ నుంచి వచ్చిన మన తాతలకి వాళ్ళంటే పడదు, వింటే లేచొస్తారు."

నవ్వొచ్చింది. నిజంగానే నవ్వాను.

సెప్టెంబరు 28

నూరు గజాల దగ్గర అయిదు గుళ్ళు. కాఫీ కప్పు మూత కింద అయిదూ దాగిపోయాయి.

మాస్టారు కాగితం మడిచి నాకిచ్చి, "ఇంక అడవికి వెళ్ళచ్చు నువ్వు" అన్నారు.

"నేను వేటకి వెళ్ళనండి. మోకాలు" అన్నాను.

ఆయన చెవిలో మిషను సర్దుకున్నారు, వినపడనట్టు.

అక్టోబరు 5

ఇవాళ గ్లెన్‌కి చెప్పేశాను. రాసుకోవాలి. ఇన్నాళ్ళూ ఇక్కడ కూడా రాయలేదు.

శనివారం కదా, సాయంత్రం ఆవిరి స్నానానికి సౌనా గది వేడెక్కించాడు. ఇద్దరం పై బల్ల మీద కూర్చున్నాం. పొయ్యి మీది వేడి రాళ్ళ మీద నీళ్ళు పోశాడు. ఆవిరి కమ్ముకుంది. ఒకరి ముఖం ఒకరికి కనపడని ఆ క్షణంలో నోరు తెరిచాను.

"పోయిన నవంబరులో నాకు గురి తప్పలేదు."

"ఊఁ?"

"తగిలింది. పొట్టకి."

గ్లెన్ గరిటె బకెట్లో పెట్టేశాడు. నేను ఆపకుండా చెప్పాను. మధ్యాహ్నం మూడింటికి కొమ్ముల జింక అడ్డంగా నిలబడి ఉంది, తొంభై అడుగులు కూడా లేదు. ట్రిగ్గర్ నొక్కుతూ కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి అది నడుం వంచుకుని పరిగెడుతోంది. మంచు మీద రక్తం ఉంది. రక్తంతో పాటు ఆకుపచ్చగా ఇంకేదో ఉంది. వెంటపడితే ఇంకా దూరం పోతుందని, కొన్ని గంటలు కదలకుండా కూర్చోవాలని తెలుసు. కూర్చోలేకపోయాను. వెంటపడ్డాను. నన్ను చూసి రెండుసార్లు లేచింది. దేవదారు చిత్తడిలోకి పోయింది. చీకటి పడింది. గుడిసెకొచ్చి తప్పిందని చెప్పాను. తెల్లారేసరికి కొత్త మంచు కురిసి జాడలన్నీ కప్పేసింది.

"ఎందుకలా చెప్పావ్?"

"అంతకు ముందు రోజే బావగారు ఇది నీకు పెద్దది కాదు కదా అని అడిగారు. నాకేం కాదన్నాను. అందరి ముందూ."

గ్లెన్ పొయ్యిలో ఇంకో కట్టె వేశాడు.

"ఎన్ని రోజులు వెతికావు?"

"మూడు. ఊళ్ళో పనుందని చెప్పి."

"పంటి డాక్టరు" అన్నాడు గ్లెన్.

"అవును. పంటి డాక్టరు."

"నాకప్పుడే అనుమానమొచ్చింది. పంటి డాక్టరు దగ్గరికి రబ్బరు బూట్లేసుకుని వెళ్ళావు."

ఏడవాలో నవ్వాలో తెలీలేదు. "మరి అడగలేదేం?"

"అడిగితే ఇంకో అబద్ధం చెప్తావేమోనని. నాకది వినాలనిపించలేదు." గరిటె మళ్ళీ అందుకున్నాడు. "నన్ను పిలవాల్సింది లోర్నా. ఇద్దరం వెతికేవాళ్ళం. అన్నయ్య కూడా వచ్చేవాడు. దొరికేదేమో."

అదొక్కటే మాట. తిట్టలేదు, ఓదార్చలేదు. దొరికేదేమో అన్న మాట ముల్లులా దిగింది. అయినా పదకొండు నెలలుగా మోసిన బరువు ఆ బల్ల మీద దిగిపోయింది. ఊపిరి పొట్ట దాకా వెళ్ళి వచ్చింది.

"మోకాలు?" అన్నాడు బయటికొచ్చి తువ్వాలు చుట్టుకుంటూ.

"మోకాలు బాగానే ఉంది."

"తెలుసు" అన్నాడు.

అక్టోబరు 6

ఇద్దరం చిత్తడికి వెళ్ళాం. మూడు గంటలు నడిచాం. ఏమీ దొరకలేదు. నక్కలో, కాకులో ఎప్పుడో తీసుకుపోయి ఉంటాయి. జింక కడపటిసారి లేచిన చోటు గ్లెన్‌కి చూపించాను. టోపీ తీసి నిలబడ్డాడు. నేనూ నిలబడ్డాను. తరువాత పడిపోయిన చెట్టు మీద కూర్చుని యాలకుల రొట్టె తిన్నాం. ఆకలేసింది.

అక్టోబరు 12

గుడిసె కప్పు బాగుచెయ్యడానికి వెళ్ళాం. వెస్ బావగారు నిచ్చెన మీద ఉండగానే చెప్పాను. కిందికి దిగాక చెప్తే ధైర్యం చాలేది కాదు. మొత్తం చెప్పాను.

ఆయన సుత్తి నిచ్చెన మెట్టు మీద పెట్టాడు. ఎగతాళి చేస్తాడనుకున్నాను. కోప్పడతాడనుకున్నాను.

"ఆ తుపాకీ ఇచ్చింది నేనే కదా" అన్నాడు.

"మీరిచ్చారు. కాల్చింది నేను."

"అది నీకు పెద్దదని నాకు తెలుసు మరదలా. నువ్వే వద్దంటావని చూశాను. అంటే ఏడిపిద్దామని." నిచ్చెన దిగి, లోపలికెళ్ళి, గోడ మీది నీలం గళ్ళ ముక్క మేకుతో సహా పీకి తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఇది గోడ మీద ఉండాల్సింది కాదు. తప్పినవాళ్ళకి కదా అది."

"ఏం చెయ్యను దీన్ని?"

"ఏమో. నాకూ తెలీదు." మళ్ళీ నిచ్చెనెక్కాడు. మేకులు మామూలుకంటే గట్టిగా కొట్టాడు.

పొయ్యిలో వేసేశాను.

నవంబరు 3

వేట లైసెన్సు తీసుకున్నాను. కొట్లో అమ్మాయి "ఈ ఏడు కూడానా?" అంది. "ఈ ఏడు కూడా" అన్నాను.

నవంబరు 15

వేట కాలం తెరిచిన మొదటి రోజు. అందుకే బడికి సెలవు, బస్సు లేదు. తెల్లారకముందే మంచె మీదికి చేరుకున్నాను.

పదింటికి పెద్ద కొమ్ముల జింక ఒకటి కనబడింది. నూట యాభై గజాలుంటుంది. నడుస్తోంది, మధ్యలో పొదలు. కాగితం మీదైతే ఆ దూరం నాకొక లెక్క కాదు. స్కోపులోంచి చూశాను, అది ఆగలేదు. వేలు ట్రిగ్గర్ దాకా పోలేదు. వెళ్ళిపోయింది.

సాయంత్రం గుడిసెలో చెప్తే వెస్ బావగారు "అయ్యో" అన్నాడు. గ్లెన్ నాకు మాంసం కూరి కాల్చిన పేస్టీ ఇంకో ముక్క వడ్డించాడు. నాకు మాత్రం పండగలా ఉంది. కాల్చకుండా ఉండటం నా చేతుల్లో పని అని ఇవాళే తెలిసింది.

నవంబరు 16

ఎనిమిదింటికి సన్నగా మంచు పడుతోంది. కుర్ర మగ జింక, ఆరు కొమ్ములది, భూర్జ చెట్ల మధ్యనుంచి వచ్చింది. డెబ్భై అడుగుల దూరం. దాని భుజాన్ని చెట్టు మొదలు కప్పేసింది. ఆగాను. చెవులు తిప్పింది. ఆగాను. రెండడుగులు ముందుకేసి పక్కకి తిరిగి నిలబడింది. తుపాకీ పేలకుండా ఆపే మీట పక్కకి తోశాను. సగం ఊపిరి వదిలాను.

పేలిన చప్పుడు నాకు గుర్తు లేదు. భుజానికి ఏదైనా తగిలిందా అంటే అదీ గుర్తు లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. అది ఎగిరి దూకడం చూశాను. ముప్పై, నలభై అడుగులు పరిగెత్తడం చూశాను. ముందు కాళ్ళు మడతపడి పడిపోవడం చూశాను. ఇంక కదల్లేదు. అయినా గడియారం చూసుకుంటూ అరగంట కూర్చున్నాను. 

దిగి వెళ్ళాను. గుండు భుజం వెనకే, ఊపిరితిత్తుల్లోంచి దూసుకుపోయింది. అది ఏమైందో తెలుసుకునే లోపే అయిపోయి ఉంటుంది. పక్కన కూర్చుని మెడ మీద చెయ్యి వేశాను. ఇంకా వెచ్చగా ఉంది. థాంక్స్ చెప్పాను. ఇంకేం చెప్పాలో తెలీలేదు.

గ్లెన్ వచ్చాడు. "ఒక్కటే వినబడింది" అన్నాడు.

"ఒక్కటే."

పొట్ట కోసి శుభ్రం చేసేటప్పుడు తను కత్తి ముట్టుకోలేదు. కాళ్ళు మాత్రం పట్టుకున్నాడు. తాడు కట్టి ఇద్దరం లాక్కొస్తుంటే మధ్యలో ఆగి నా ముఖంలోకి చూశాడు.

"ఏడుస్తున్నావా?"

"లేదు. చలికి ముక్కు కారుతోంది."

"సరే" అన్నాడు. మళ్ళీ తాడు అందుకున్నాడు.

గుడిసె ముందు వేలాడదీశాక వెస్ బావగారు కాఫీ కప్పుతో వచ్చి గుండు వెళ్ళిన చిల్లు వంగి చూశాడు. అటు వైపు వెళ్ళి బయటికొచ్చిన చిల్లు కూడా చూశాడు. నేను ఎదురు చూశాను.

"ఏమైనా అంటారా బావగారూ?"

"అన్నానా నేనేమైనా? కాఫీ తాగుతున్నాను." కాసేపటికి, గ్లెన్ లోపలికెళ్ళాక, గొంతు తగ్గించి అడిగాడు. "మీ మాస్టారు ఆదివారాలు ఉంటారా మైదానంలో?"

"ఉంటారు. పదింటికి."

"ఊరికే అడిగాన్లే" అన్నాడు.

కాలేయం ఉల్లిపాయలతో వేయించాను. ముగ్గురం గిన్నె తుడిచి తినేశాం. ఇప్పుడు వాళ్ళిద్దరూ పొయ్యి దగ్గర పేకాడుతున్నారు. నేను కిటికీ పక్కన కూర్చుని ఇది రాస్తున్నాను.

పొద్దున గ్లెన్‌తో చెప్పింది నిజం కాదు. అంత చలి లేదు. ఏడ్చాను. మంచె దిగినప్పట్నుంచి తాడు కట్టేదాకా ఏడ్చాను, హాయిగా ఏడ్చాను. పేక ముక్కలు పక్కన పెట్టగానే అతనికీ చెప్తాను.